చెవి ముందు, సూత్రం వెనక

(గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి జయంతి సభలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



గిడుగు రామమూర్తి పంతులు గారు 1863 ఆగస్టు 29న పుట్టారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. వాడుక భాష కోసం పోరాడిన యోధుడిగా ఆయన్ని తలుచుకుంటాం. తలుచుకోవాలి కూడా. అయితే ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పాఠాలు చెప్పిన నాకు ఆయన ముందుగా ఒక బడిపంతులు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటున్న రోజుల్లో, చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల మాట ఆయన చెవిన పడింది. ఆ మాటకు అప్పటికి లిపి లేదు, వాచకం లేదు. సవర భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, వింటూ, అడుగుతూ, రాసుకుంటూ ఆయన ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు పుస్తకాలు రాశారు, బడులు పెట్టించారు. సవర భాషకు ఆయన రాసిన వ్యాకరణం 1931లో అచ్చయింది. అన్నేళ్లు విన్న తర్వాత పుట్టిన పుస్తకమది.

అందులోని వరస చూడండి. ముందు వినడం, తర్వాత పోల్చుకోవడం, చివర సూత్రం. మన తరగతి గదుల్లో మాత్రం ఈ వరస తిరగబడింది. ముందు సూత్రం, వెనక ఉదాహరణ, ఆ తర్వాత పరీక్ష. వినడం అనేది ఎక్కడా లేదు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. వ్యాకరణం పిల్లల నోట్లో ముందే ఉంది. దాన్ని వాళ్ల చెవికి వినిపించడమే మన పని. చిన్న వయసులో ఆ పనికి ఆటను మించిన సాధనం లేదు.

నోట్లో ఉన్న వ్యాకరణం

డు-ము-వు-లు ప్రథమా విభక్తి అని మొదలుపెట్టి సంబోధన దాకా గుక్క తిప్పుకోకుండా ఒప్పజెప్పిన తరం నాది. ఎనిమిది విభక్తులూ నోటికొచ్చాయి. ‘ఇల్లు’ పక్కన ‘లో’ చేరిస్తే ‘ఇల్లులో’ అనకుండా ‘ఇంట్లో’ అని ఎందుకంటామో మాత్రం మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఉద్యోగంలో చేరాక నేనూ అలాగే ఒప్పజెప్పించాను. ఐదో తరగతిలో ఒక పిల్లాడు సంధి సూత్రం తడుముకోకుండా చెప్పి, కూర్చుంటూ పక్కవాణ్ణి ‘నీ పెన్సిలేదిరా’ అని అడిగాడు. ‘పెన్సిలు’, ‘ఏది’ అన్న రెండు మాటలు వాడి నోట్లో ఒక్కటైపోయాయి. సూత్రం వాడి నోట్లో పనిచేస్తోంది. తాను ఒప్పజెప్పిందీ తాను మాట్లాడిందీ ఒకటేనని మాత్రం వాడికి తెలియదు. తెలియజేయాల్సిన నేను వాడి మాటకు చెవి ఒగ్గకుండా పుస్తకంలోకి చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు నుంచే నా పాఠం మారింది.

1958లో జీన్ బెర్కో అనే అమెరికన్ పరిశోధకురాలు చిన్న పిల్లలకు ఒక వింత బొమ్మ చూపించి, దానికి ఎక్కడా లేని పేరొకటి పెట్టి, అలాంటివి రెండుంటే ఏమంటారని అడిగింది. పుట్టాక ఎన్నడూ వినని ఆ మాటకు కూడా చాలామంది పిల్లలు సరైన బహువచనం చెప్పారు. అంటే పిల్లలు మాటల్ని మాత్రమే కాదు, మాటలు ఏర్పడే పద్ధతిని కూడా పట్టుకుంటున్నారన్న మాట. ఇది తెలుగులో ఎవరైనా చేసి చూడవచ్చు. ఒక పిచ్చిగీత గీసి ‘ఇది డుమ్మం’ అనండి. ఇంకొకటి గీసి ‘ఇప్పుడివేంటి?’ అని అడగండి. ‘డుమ్మాలు’ అని తరగతి తరగతంతా అరుస్తుంది. గుర్రం గుర్రాలైనట్టు, పుస్తకం పుస్తకాలైనట్టు డుమ్మం డుమ్మాలైంది. ఆ సూత్రం వాళ్లకెవరూ నేర్పలేదు. నాలుగేళ్ల పాప ‘ఇల్లులు’ అంటే నవ్వి దిద్దుతాం. కానీ ఆ పాప తప్పు చెప్పడం లేదు, ఒక సూత్రాన్ని అది చెల్లని చోటికి కూడా తీసుకెళ్తోంది. ఆ తప్పులో తెలివి ఉంది. దాన్ని గుర్తించినవాళ్లే వ్యాకరణం చెప్పడానికి అర్హులని నా నమ్మకం.

తప్పిపోయిన అక్షరం

నా తరగతిలో మొదటి ఆట ‘తప్పిపోయిందెవరు?’. ఇద్దరు పిల్లలు నాలుగు అడుగుల దూరంలో నిలబడతారు. ఒకరు ‘చెట్టు’ అనాలి, రెండోవారు ‘ఎక్కాడు’ అనాలి. ఒక్కో అడుగు దగ్గరికి జరిగే కొద్దీ వేగం పెంచాలి. భుజాలు తగిలేసరికి రెండు మాటలూ కలిసి ‘చెట్టెక్కాడు’ అయిపోతుంది. అప్పుడు తరగతిని అడగాలి: దారిలో ఎవరు తప్పిపోయారు? ఒకరు ‘టు’ అంటారు, ఒకరు ‘ఎ’ అంటారు. మళ్లీ మెల్లగా చెప్పించాలి. చివరికి ఎవరో ఒకరు చెయ్యెత్తి, ‘టీచర్, ‘టు’లో ‘ఉ’ పోయింది. ‘ట్’ మిగిలిపోయి ‘ఎ’ని పట్టుకుంది’ అంటారు.

తర్వాత ‘వాడు - ఎక్కడ’, ‘పాలు - ఇయ్యి’, ‘నువ్వు - ఎవరు’. ప్రతిసారీ పోయేది ఆ ‘ఉ’యే. ఇప్పుడు ‘వాడు - కొట్టాడు’ అనిపించాలి. ఎంత వేగంగా అన్నా రెండు మాటలూ కలవవు. ఎందుకని అడిగితే పిల్లలు ఒక క్షణం ఆగిపోతారు. ఆ క్షణంలో మనం నోరు మెదపకూడదు. నా తరగతిలో ఒక పాప చెప్పిన సూత్రం ఇది: ‘పక్కన అచ్చు వస్తేనే ఉ పారిపోతుంది టీచర్, హల్లు వస్తే కదలదు.’ దాన్ని ఆ పాప మాటల్లోనే బోర్డు మీద రాశాను. కింద ఆ పాప పేరు రాశాను. అప్పుడు చెప్పాను: పరవస్తు చిన్నయ సూరి గారని ఒక పెద్దాయన ఉండేవారు, ఆయన కూడా ఇదే కనిపెట్టి, 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో ఇంకా తక్కువ మాటల్లో రాశారు, దీన్ని ఉత్వ సంధి అంటారు అని. ఆ పాప కళ్లల్లో మెరుపు నాకిప్పటికీ గుర్తుంది. సూరి గారు ఆ పాపకు బట్టీ పట్టాల్సిన బరువు కాలేదు, తన మాటను బలపరిచిన పెద్దమనిషి అయ్యారు.

పారిభాషిక పదాలు వద్దని నేననడం లేదు. ఉత్వ సంధి, ఆమ్రేడితం, ఔపవిభక్తికం అన్నవి అందమైన పేర్లు, అవసరమైన పేర్లు. కానీ బిడ్డ పుట్టాక కదా బారసాల!

ట్ట పెట్టె

రెండో ఆట పిల్లలు ఎవరికి వారు ఆడుకునేది. చెప్పుల డబ్బా ఒకటి, పాత పెళ్లి శుభలేఖలు కత్తిరించి చేసిన కార్డులు కొన్ని, అంతే ఖర్చు. ఒక్కో కార్డు మీద ఒక్కో మాట: పట్టపగలు, చిట్టచివర, మొట్టమొదట, నట్టనడుమ, బట్టబయలు. వాటిలో కలిపేసిన మాటలు మరికొన్ని: బట్టతల, పట్టుచీర, చిట్టడవి. ‘ఒకే ఇంటివాళ్లను వేరు చెయ్యి. ఏ గుర్తుతో పోల్చావో చెప్పు’ అన్నది పెట్టె మీద రాసిన మాట. జవాబు కార్డు వెనక ఉంటుంది. కానీ తిప్పి చూసేలోపు చెవే చాలావరకు తేల్చేస్తుంది.

మొదట పిల్లలు ‘ట్ట’ కనిపించిన కార్డులన్నీ ఒకే కుప్ప వేస్తారు. పైకి చదువుకుంటూ పోతే ‘బట్టతల’ దగ్గర ఆగుతారు. ‘బట్టబయలు’లో బయలు ఉంది, ముందూ ‘బ’యే. ‘బట్టతల’లో ఉన్నది తల, ముందున్నది మాత్రం ‘బ’. ఇది మన ఇంటిది కాదని పక్కకు తీస్తారు. మొదట, మొదట అని రెండుసార్లు అనే బదులు, మొదటి మాటలో తొలి అక్షరం ఉంచి, మిగతాదంతా తీసేసి, ఆ ఖాళీలో ‘ట్ట’ కూర్చోబెడితే ‘మొట్టమొదట’ అవుతుందని తేలుతుంది. పగలు-పగలు పట్టపగలు, చివర-చివర చిట్టచివర. అక్కడి నుంచి పిల్లలే కొత్త మాటలు కట్టేస్తారు. ‘సాయంత్రం’ నుంచి ‘సాట్టసాయంత్రం’ కట్టి పకపకా నవ్వుతారు. ఏది భాషలో ఉందో, ఏది లేదో వాళ్ల చెవికి తెలుసు. సూత్రం అన్ని మాటలకూ చెల్లదని, భాష కొన్నింటినే ఒప్పుకుంటుందని కూడా ఆ నవ్వులోనే నేర్చుకుంటారు.

ఈ పెట్టె దగ్గర జరిగిన ఒక సంగతి చెప్పాలి. తరగతిలో నోరు విప్పని ఒక అమ్మాయి వారం దాటినా ఆ పెట్టె వదల్లేదు. మిగతావాళ్లు మూడు పెట్టెలు దాటిపోయారు. నేను తొందరపెట్టలేదు. ఒకరోజు వచ్చి, ‘మా నాయనమ్మ నట్టేట ముంచాడు అంటది టీచర్. అది ఈ ఇంటిదేనా?’ అని అడిగింది. నువ్వే తేల్చమన్నాను. కాసేపటికి తిరిగొచ్చింది. ‘కాదు టీచర్. నట్టనడుమలో నడుమ మళ్లీ వస్తది. నట్టేటలో ఏరే ఉంది, నడుమ మళ్లీ రాలేదు.’ ఆ మాటను ‘తేలని మాటల డబ్బా’లో వేశాం. ‘నడు’ అన్నది ‘నట్టు’గా మారే వేరే దారి ఉందని, నట్టిల్లు కూడా ఆ దారినే వచ్చిందని తర్వాత కలిసి చూశాం. వారం రోజులు వెనకబడిందనుకున్న పిల్ల, ముందుకెళ్లిన వాళ్లెవరూ చూడని చోటికి వెళ్లి వచ్చింది. ఎవరి వేగం వాళ్లకు వదిలేయడమంటే నాకు అర్థమైంది ఆ రోజే. అది నిదానంగా ఉన్నవాళ్ల మీద చూపించే దయ కాదు. లోతుకు వెళ్లేవాళ్లకు ఇచ్చే చోటు.

ఎక్కడి నుంచి ఏం తెచ్చుకోవాలి

ఈ దారి నేను కనిపెట్టింది కాదు. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి అడయారులో సుమారు 300 మంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. యుద్ధం వల్ల యూరప్‌కు తిరిగి వెళ్లే వీలు లేక కొన్నేళ్లు మన దేశంలోనే ఉండిపోయారు. ఆమె పద్ధతిలో నామవాచకానికి నల్ల త్రిభుజం, క్రియకు ఎర్ర వృత్తం గుర్తులు. ఒక చీటీ మీద ‘పువ్వు’ అని ఉంటే పిల్లలు వెళ్లి పువ్వు తెస్తారు. ఇంకో చీటీ మీద ‘గెంతు’ అని ఉంటే తేవడానికేమీ ఉండదు, గెంతాలి. తేగలిగేది నామవాచకం, చేయాల్సింది క్రియ. ఈ తేడా కాళ్లలోంచి తలకెక్కుతుంది. ‘ఎండ’ చీటీ వచ్చినప్పుడు తేవాలా, చేయాలా అని పెద్ద చర్చ లేస్తుంది. ఆ చర్చే అసలు పాఠం. గుజరాత్‌లో గిజుభాయి బధేకా కూడా వ్యాకరణాన్ని ఆటల్లోకి తెచ్చారు. ఆయన పుస్తకం తెలుగులో ‘పగటికల’గా వచ్చింది. ఉపాధ్యాయులు తప్పక చదవాల్సిన పుస్తకం.

అయితే ఇతర భాషల ఆటల్ని ఉన్నవున్నట్టు దించుకుంటే దెబ్బతింటాం. మాంటిస్సోరి గుర్తుల్లో నామవాచకం ముందు వచ్చే ఉపపదాలకు ఒక చిన్న త్రిభుజం ఉంది. తెలుగులో వాటికి పనే లేదు. ఇంగ్లీషులో మాటలు తారుమారు చేస్తే అర్థం మారిపోతుంది, కాబట్టి మాటల్ని వరసలో పేర్చే ఆట వాళ్లకు ముఖ్యం. తెలుగులో ‘అన్న చెల్లికి జామకాయ ఇచ్చాడు’ అన్న వాక్యంలో మొదటి మూడు మాటల్ని ఎటు తిప్పినా ఇచ్చింది అన్నే, పుచ్చుకున్నది చెల్లే. ‘కి’ అనే చిన్న అక్షరం చెల్లిని కాపాడుతోంది. కాబట్టి మన ఆట వరస మీద కాదు, ఆ ‘కి’ మీద ఉండాలి. ‘కి’ని తీసి అన్న పక్కన పెట్టి చూడమనండి. జామకాయ చేతులు మారుతుంది, వెంటనే ‘ఇచ్చాడు’ పొసగక ‘ఇచ్చింది’ కావాలంటుంది. విభక్తి ఏం చేస్తుందో, క్రియ ఎవరి వెంట నడుస్తుందో ఒక్క కదలికలో తేలిపోతుంది.

ఆటల కోసం దూరం వెళ్లక్కర్లేదు కూడా. ప్రతి అక్షరం ముందు ‘క’ చేర్చి పెద్దలకు తెలియకుండా మాట్లాడుకునే క-భాష మన పిల్లలకు వచ్చు. అక్షరాల్ని అంత వేగంగా విడదీయడం ఏ బడి నేర్పింది? అవధానంలో నిషిద్ధాక్షరి ఉంది. పృచ్ఛకుడు అక్షరాన్ని నిషేధిస్తుంటే తప్పించుకుంటూ పద్యం నడపడం మన పండితుల ఆట. దాన్నే పిల్లల స్థాయికి దించి, ‘క’ అక్షరం రాకుండా మీ ఊరి గురించి మూడు వాక్యాలు చెప్పండి అంటాను. ‘ఎక్కడ’కు బదులు ‘ఏ చోట’, ‘కొన్నాను’కు బదులు ‘తెచ్చుకున్నాను’ అనబోయి, అందులోనూ ‘క’ ఉందని నాలుక కరుచుకుని, ‘తెచ్చాను’ అంటారు. భాషతో ఆడుకోవడమే పాండిత్యమనుకున్న జాతి మనది. పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఆట తీసేసి సూత్రం మాత్రం మిగిల్చాం.

ఎవరి వేగంతో వారు చదువుకునే ఏర్పాటుకు మన నేల మీదే గొప్ప నమూనా ఉంది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వారు చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బడుల కోసం కార్డులు, అభ్యసన నిచ్చెన తయారు చేశారు. ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలూ ఉంటారు. ఎవరు ఏ మెట్టు మీదున్నారో ఎవరికి వారికి తెలుసు. 1995లో కర్ణాటకలోని హెగ్గడదేవనకోటలో మొదలైన నలి-కలి అనే బోధన పద్ధతికి, 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో వచ్చిన కృత్యాధార పద్ధతికి స్ఫూర్తి అక్కడి నుంచే వెళ్లింది. మన పెరట్లో మొలిచిన చెట్టు నీడ పొరుగువాళ్లకు పడింది. మనమూ వెళ్లి ఆ నీడలో కూర్చోవాలి.

నాలుగు పళ్లేలు

అన్న, అక్క, ఆవు, వాన, అన్నలు, అక్కలు, ఆవులు, చీమలు. ఈ కార్డుల్ని ‘వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి’ అన్న నాలుగు పళ్లేల్లో వేయాలి. అక్క, ఆవు, వాన ఒకే పళ్లెంలో పడేసరికి ఆడపిల్లలు ఒప్పుకోరు. అదే ‘అక్కలు’ అనేసరికి అన్నల పళ్లెంలోకి వచ్చేస్తారు. తెలుగు వ్యాకరణంలోని మహత్తు, అమహత్తు అనే విభాగం మొత్తం ఆ నాలుగు పళ్లేల్లో ఉంది.

ఒకసారి తెలంగాణ నుంచి వచ్చి చేరిన పిల్లాడు ఆ పళ్లేల మీది మాటలు చూసి, ‘మేం వచ్చిండు అంటం టీచర్’ అన్నాడు, తప్పు చేసినవాడిలా. ఆ గొంతు నన్ను బాధపెట్టింది. ఎవరో ఎప్పుడో వాడి మాటను దిద్దిన ఎర్ర సిరా ఆ గొంతులో ఉంది. నీ పళ్లేలు నువ్వు రాసుకో అన్నాను. వచ్చిండు, వచ్చింది, వచ్చిన్రు, వచ్చినయ్ అని రాసుకున్నాడు. కార్డులన్నీ సర్దాడు. ఏ కార్డు ఏ పళ్లెంలో పడాలో అక్కడే పడింది. తోకలు వేరు, వ్యాకరణం ఒకటే. తరగతంతా చుట్టూ చేరి చూసింది. రామమూర్తి పంతులు గారు ఆ గదిలో ఉంటే ఎంత సంతోషించేవారో!

ఇక్కడొక హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. వ్యాకరణం నోట్లో ఉందని నేనంటున్నది తెలుగు ఇంటి పిల్లల సంగతి. సవర, కోయ, గోండు, బంజారా ఇళ్ల నుంచి వచ్చే పిల్లల నోట్లో ఉన్నది వాళ్ల భాష వ్యాకరణం. ఆ చెవికి ‘ఇంట్లో’, ‘ఇల్లులో’ రెండూ కొత్తే. వాళ్లకు ఆట మొదట వాళ్ల మాటల్లో ఉండాలి, ఆ తర్వాత తెలుగుతో పోల్చుకునేలా ఉండాలి. అమెరికాలో వారాంతపు బడికొచ్చే తెలుగు పిల్లలదీ వేరే పరిస్థితి. వాళ్ల చెవి సగం నిండి ఉంటుంది. ముందు కథలతో, కబుర్లతో ఆ చెవి నింపాలి. ఏ పిల్లలకు ఏ ఆట అన్నది వాళ్ల మాట విన్నాకే తేల్చాలి.

పరీక్షలు, సమయం

ఇదంతా బాగానే ఉంది, సిలబస్ ఎప్పుడు పూర్తవుతుందని తోటి ఉపాధ్యాయులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. యాభై మంది ఉన్న గదిలో రోజూ ఆటలు సాగవని నాకూ తెలుసు. నేను వారానికి రెండు పీరియడ్లు మాత్రమే పెట్టెలకు ఇచ్చాను. ఐదుగురికొక పెట్టె. పెట్టె పూర్తిచేసినవాళ్లు ‘నా వ్యాకరణం’ అని ఒక నోటుబుక్కులో తాము కనిపెట్టిన సూత్రాన్ని తమ మాటల్లో రాసి, వాచకంలోంచి మూడు ఉదాహరణలు వెతికి కింద చేర్చాలి. మిగతా పీరియడ్లలో పాఠం పాఠంలాగే నడిచింది. ఇప్పటి వాచకాల్లో పాఠం చివర భాషను గురించి తెలుసుకునే భాగం ఉంటోంది. పెట్టెలో ఆడినవాళ్లు ఆ పేజీకి వచ్చేసరికి ‘ఇది మాకు తెలుసు’ అంటారు. పరీక్షలో సంధి విడదీయమంటే చెవితో విడదీస్తారు. మర్చిపోవడానికి వాళ్లు బట్టీ పట్టింది ఏమీ లేదు.

ఆటలతో నేర్చినవాళ్లకు పద్యాల వ్యాకరణం పట్టుబడుతుందా అని ఒక పండితులు నన్నడిగారు. పట్టుబడుతుంది. కూర, కాయ కలిస్తే ‘కూరగాయ’, తల్లి, తండ్రి కలిస్తే ‘తల్లిదండ్రులు’ ఎందుకయ్యాయో ఆటలో కనిపెట్టిన పిల్లలు, ప్రబంధంలో ‘గ’గా మారిన ‘క’ను, ‘ద’గా మారిన ‘త’ను చూసి బెదరరు. తమ వంటింట్లో ఉన్నదే కావ్యంలోనూ ఉందని సంతోషిస్తారు. ప్రాచీన భాషలోకి వెళ్లే వంతెన ఈ ఒడ్డు నుంచే కదా మొదలవ్వాలి.

ముగించే ముందు మళ్లీ పంతులు గారి దగ్గరికి వస్తాను. సవరల కోసం కొండలెక్కి తిరిగిన రోజుల్లో ఆయనకు మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల ఆయనకు చెముడు వచ్చి, జీవితాంతం ఉండిపోయింది. ఒక భాషను వినడానికి వెళ్లి వినికిడి పోగొట్టుకున్న ఉపాధ్యాయుడాయన. మన చెవులు బాగానే ఉన్నాయి. రేపు ఉదయం బడికి వెళ్లినప్పుడు, పుస్తకం తెరిచే ముందు, పిల్లలు తమలో తాము మాట్లాడుకునే మాటల్ని ఒక్క ఐదు నిమిషాలు వినండి. వాళ్ల నోటి నుంచి జారిన ఒక మాటను బోర్డు మీద రాయండి. మీ మొదటి పెట్టెకు మొదటి కార్డు అదే.